చేపల వల నైలాన్ అని చెప్పి పాలిస్టర్ అంటగడుతున్నారు, జాగ్రత్త

ఆ సప్లయర్ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. స్విమ్‌వేర్, యోగా ప్యాంట్లు కుట్టే చిన్న బ్రాండ్ల వాళ్లందరికీ తాబేలు బొమ్మ పెట్టి వాట్సాప్‌లో కేటలాగ్ పంపుతుంటాడే, ఆయనే. పాత చేపల వలల్ని రీసైకిల్ చేసిన నైలాన్ 6 అన్నాడు. 78 శాతం నైలాన్, 22 స్పాండెక్స్ (సాగే దారం), 190 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు), మీటరు 780 రూపాయలు. తెల్ల గుడ్డ 120 మీటర్లు, సొమ్మంతా ముందే.

డైయింగ్ యూనిట్‌లో నైలాన్‌కి వేసే నేవీ బ్లూ యాసిడ్ డై, పీహెచ్ 4.5, 98 డిగ్రీలు. గుడ్డ వెలిసిపోయిన లేత నీలంగా బయటికొచ్చింది, రంగు నీళ్లు మాత్రం చిక్కగా అలాగే మిగిలాయి. నైలాన్ అయితే రంగు పీల్చుకుని నీళ్లు తేటపడాలి. యాసిడ్ డైని పట్టుకునే ఎమైన్ కొసలు నైలాన్‌కి ఉంటాయి, పాలిస్టర్‌కి ఉండవు. ఆ వచ్చిన కాస్త నీలం కూడా స్పాండెక్స్‌కి అంటిందే. అనుమానం తీరడానికి డైయింగ్ మాస్టర్ చిన్న ముక్కని 85 శాతం ఫార్మిక్ యాసిడ్‌లో వేశాడు. వేడి చేయకపోయినా నైలాన్ 6 అందులో నిమిషాల్లో కరిగిపోయి స్పాండెక్స్ దారాలు మిగలాలి. ఈ మహా వల నైలాన్ చెక్కుచెదరలేదు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో చదవండి. "సముద్రంలో అన్నీ కలిసే ఉంటాయి కదా మేడమ్!" ఆహా, ఏం కెమిస్ట్రీ! సరే, ఈ సరుక్కి టీసీ పంపండి అన్నాను, అంటే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. "టీసీ ఎందుకు, మీ పాపకి స్కూలు మారుస్తున్నారా?" పక్కనెవరో పగలబడి నవ్వారు. ఆ తర్వాత నంబర్ బ్లాక్. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు.

ఆయన మొదట్లో పంపిన పీడీఎఫ్ ఏమిటంటే, ఎవరిదో స్పిన్నింగ్ మిల్లు పేరు మీదున్న జీఆర్‌ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్) స్కోప్ సర్టిఫికెట్. ఆ మిల్లుకి రీసైకిల్డ్ దారం తీసే అర్హత ఉందని, అదీ ఏడాది వరకే, అది చెబుతుంది. మీ చేతికొచ్చిన తాను సంగతి అందులో ఏమీ ఉండదు. ఏ సరుకు, ఎంత బరువు, ఏ ఇన్వాయిస్ అన్నది తేల్చేది టీసీ ఒక్కటే. ఇంకో మెలిక, రెండూ ఉన్నా జీఆర్‌ఎస్ చెప్పేది రీసైకిల్డ్ అని మాత్రమే, సముద్రంలోంచి తీశారని కాదు.

నిజానికి పాలిస్టర్ చెడ్డదేం కాదు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్‌ని నైలాన్ కంటే బాగానే తట్టుకుంటుంది. పాలిస్టర్ అని చెప్పి పాలిస్టర్ ధరకి అమ్మితే గొడవే లేదు. ఇప్పుడు దీనికి పాలిస్టర్‌కి వాడే డిస్పర్స్ డై వేద్దామంటే 130 డిగ్రీల్లో స్పాండెక్స్ సాగుడు దెబ్బతింటుంది. 120 దగ్గర ఆపి, హైడ్రోస్, కాస్టిక్‌తో రిడక్షన్ క్లియరింగ్ (పైపైన మిగిలిన రంగుని కడిగేయడం) సరిగ్గా చేయించకపోతే నేవీ బ్లూ ఒంటికి అంటుకుంటుంది. మళ్లీ ఖర్చు.

'నడిసముద్రంలో తేలే బాటిళ్ల పాలిస్టర్' అని ఎవరైనా అన్నా నమ్మకండి. పెట్ (బాటిళ్లు చేసే పాలిస్టర్) సాంద్రత 1.38, సముద్రపు నీటిది 1.025 దాకా. మూత పోయిన బాటిల్ మునిగిపోతుంది. పైన తేలేవి ఎక్కువగా పాలిథీన్, పాలీప్రొపిలీన్. పైగా ఎండకీ ఉప్పునీటికీ పెట్ అణువుల గొలుసులు తెగి పొట్టివైపోతాయి, ఒక్కదాన్నే వడికితే దారం తెగుతుంది. అందుకే సముద్రపు ప్లాస్టిక్ పేరుతో వచ్చే సీక్వల్ బ్రాండ్ దారంలో కూడా సముద్రపు ప్లాస్టిక్ సుమారు 10 శాతమే, మిగతాది నేల మీద సేకరించిన బాటిళ్లు. వాళ్లు ఆ మాట దాచుకోరు. 'ఓషన్ బౌండ్' అని ఉంటే అది తీరానికి 50 కిలోమీటర్ల లోపు ఏరిన చెత్త, సముద్రం మొహం చూడకపోయినా సరే.

ముందు ఒక్క మీటరు తెప్పించుకోండి. ఫార్మిక్ యాసిడ్ పరీక్ష డైయింగ్ ల్యాబ్‌లోనే చేయించండి, చర్మం కాలుతుంది, ఇంట్లో వద్దు. అందులో నైలానా పాలిస్టరా తేలుతుంది, రీసైకిలా కొత్తదా తేలదు. దానికి టీసీయే. అది చేతికొచ్చేదాకా సగం డబ్బు ఆపండి.