పదకొండేళ్ల విమ్ వాడకం, పక్కనే ఈమ్యాక్స్ బావ

2014లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర లినక్స్ కోర్సులో పట్టుకున్నా విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ని, ఇవాళ్టికీ మాదాపూర్ ఆఫీసులో పొద్దున ఫస్ట్ తెరిచేది అదే. మొదటి రెండు వారాలు నరకం, ఆ తర్వాత చేతికి అలవాటైపోతుంది, ఇంక వేరే ఎడిటర్లో మౌస్ కోసం చెయ్యి తీయాలంటేనే చిరాకు.

నాకు బాగా నచ్చింది కమాండ్లు మాటల్లా అతుక్కోవడం. డీ అంటే తీసెయ్, సీ అంటే తీసేసి కొత్తది రాయి, సీ తర్వాత ఐ కొట్టి బ్రాకెట్ కొడితే బ్రాకెట్ లోపలిదంతా పోయి టైపింగ్‌కి రెడీ. హెచ్ జే కే ఎల్‌తో కర్సర్ జరపడం ఏంటని అందరూ అడుగుతారు, విమ్‌కి మూలమైన పాత ఎడిటర్ వీఐని బిల్ జాయ్ రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే ఉండేవి, అందుకని.

మా బావది ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్. మెయిల్, ఖర్చుల లెక్కలు, కోడ్ మార్పులు దాచే గిట్ అన్నీ అందులోనే. "నీది ఎడిటర్‌రా, నాది ఇల్లు" అంటాడు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే నీ ఇల్లు అక్కడ ఇన్‌స్టాల్ చేసుండదు బావా, వీఐ దాదాపు ప్రతిచోటా ఉంటుంది అంటే, ఈమ్యాక్స్‌లోని ట్రాంప్‌తో సర్వర్ ఫైలు నా ల్యాప్‌టాప్‌లోనే తెరుస్తా పో అంటాడు. నిజమే, బాగానే పనిచేస్తది.

పోయిన సంక్రాంతికి కూకట్‌పల్లిలో వాళ్లింట్లో పందెం, ఓడినోళ్లు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. 200 లైన్ల ఫైల్లో కాలమ్స్ తారుమారు చెయ్యాలి, నేను ఒక్క లైనుకి కొట్టిన కీలని మాక్రోగా రికార్డ్ చేసి మిగతా వాటి మీద ఒకేసారి తోలేశా, బావ మాక్రో కూడా రెడీనే కానీ నాది ముందు. రెండో రౌండ్ అమ్మ చెప్పిన ఆవకాయ కొలతలు తెలుగులో రాయడం, అక్కడ నేను చిత్తు. నా విమ్ నడిచేది టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే తెరలో, అక్కడ ప్రతి అక్షరానికి కొలిచిన గడి ఉంటుంది, మన వత్తులు అందులో ఇమడవు, కర్సర్ ఒకచోట అక్షరం ఇంకోచోట. బావ ఈమ్యాక్స్ విండోలో తెరిచాడు, 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాల్ని సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి వత్తులు చక్కగా పడ్డాయి, పైగా తెలుగు టైపింగ్ లోపలే ఉంది. విండో టెర్మినల్ కాదు కదా అని వాదించా, చాయ్ మాత్రం నేనే పోయించా.

మా టీమ్‌లో కొత్తమ్మాయి నానో అనే చిన్న ఎడిటర్ వాడుతుంది, షార్ట్‌కట్లు కిందే కనబడతాయి, హాయిగా పని అయిపోతుంది, ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

2023 ఆగస్టులో విమ్ రాసిన బ్రామ్ మూలెనార్ పోయినప్పుడు నాకు ముందు ఫోన్ చేసింది బావే. విమ్ నచ్చితే ఉగాండా పిల్లలకి సాయం చెయ్యండి అని ఆయన ప్రోగ్రామ్‌లోనే రాసి పెట్టాడు, ఆ సాయంత్రం ఇద్దరం కలిసి పంపించాం.

రేటింగ్ 5కి 4.5, ఆ అర తెలుగు వత్తుల కోసం. ఇప్పుడు తెలుగు రాయాలంటే నేనూ ఈమ్యాక్సే తెరుస్తున్నా, అందులో ఈవిల్ మోడ్ పెట్టుకుని విమ్ కీలతోనే. బావ అది తన గెలుపంటాడు, నేను ఒప్పుకోను, దసరాకి మళ్లీ కూర్చుంటాం.