డెక్స్టర్ గోర్డన్ యూరప్ రికార్డులు: పారిస్ స్టూడియో మేలా, కోపెన్‌హాగన్ క్లబ్బు మేలా?

అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ వాదకుడు డెక్స్టర్ గోర్డన్ యూరప్‌లో గడిపిన పద్నాలుగేళ్ల సంగీతాన్ని కొని దాచుకోవాలనుకునేవారికి దారి మొదట్లోనే రెండుగా చీలుతుంది. ఒకవైపు బ్లూ నోట్ కంపెనీ పారిస్ స్టూడియోలో చేయించిన రెండు ఆల్బములున్నాయి. పేరున్నవి, సులువుగా దొరికేవి, వినడానికి ధ్వని స్వచ్ఛంగా ఉండేవి. మరోవైపు కోపెన్‌హాగన్‌లోని జాజ్‌హూస్ మోంమార్త్ర అనే క్లబ్బు నుంచి డెన్మార్క్ రేడియో ప్రసారం చేసిన రాత్రులున్నాయి. ఏళ్ల తరువాత స్టీపుల్‌చేజ్ అనే డేనిష్ కంపెనీ వాటిని విడివిడి ఆల్బములుగా తెచ్చింది. రెండూ కొనగలిగినవారికి ఏ చిక్కూ లేదు. అయితే విదేశం నుంచి హైదరాబాద్‌కు ఒక్క రికార్డు తెప్పించుకుంటే రికార్డు ధరకు రవాణా, సుంకం తోడై బిల్లు బరువెక్కుతుంది. అందుకే ఏది ముందు కొనాలన్నది ఆలోచించవలసిన విషయమే. నా మొగ్గు క్లబ్బు వైపు. అలాగని పారిస్ రికార్డులను తక్కువ చేయలేను. వాటిలో ఒకదాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

గోర్డన్ 1923లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. ఆరున్నర అడుగుల మనిషి. 1940లలో బీబాప్ అనే వేగవంతమైన జాజ్ శైలిని టెనర్ శాక్సోఫోన్ మీదికి తెచ్చిన తొలి తరం వాదకుల్లో ఒకరు. 1950లలో ఎక్కువ భాగం మాదకద్రవ్యాలకు, జైలుకు పోయింది. మళ్లీ నిలదొక్కుకుని 1962 ఆగస్టు 27న బ్లూ నోట్ కోసం ‘గో’ అనే ఆల్బమ్ చేశారు. ఆ వెంటనే లండన్‌లోని రానీ స్కాట్ క్లబ్బులో వాయించడానికి విమానం ఎక్కారు. కొద్దిరోజుల కోసం వెళ్లిన మనిషి 1976 దాకా యూరప్‌లోనే ఉండిపోయారు, అందులోనూ ఎక్కువ కాలం కోపెన్‌హాగన్‌లో. నల్లజాతి కళాకారుడికి సొంత దేశంలో దొరకని మర్యాద అక్కడ దొరికింది. ఒకే క్లబ్బులో వారాల తరబడి వాయించే అవకాశమూ దొరికింది. ఈ రెండో సంగతిని గుర్తుపెట్టుకోండి, నా వాదనంతా దాని మీదే నిలబడింది.

ముందు పారిస్ సంగతి. 1963 మే 23న సీబీఎస్ స్టూడియోలో ‘అవర్ మ్యాన్ ఇన్ పారిస్’ రికార్డయింది. పియానో మీద బడ్ పొవెల్, డ్రమ్స్ మీద కెనీ క్లార్క్. ఇద్దరూ బీబాప్ పుట్టినప్పటి వాళ్లు, అప్పటికే పారిస్‌లో స్థిరపడినవాళ్లు. బేస్ (మంద్రంగా పలికే పెద్ద తంత్రీ వాద్యం) మీద ఫ్రాన్స్‌కే చెందిన పియెర్ మిష్లో. మొదట అనుకున్న పియానిస్టు కెనీ డ్రూ. ఆయన స్థానంలో పొవెల్ రావడంతో కొత్త రచనలు పక్కనపెట్టి అందరికీ కంఠతా వచ్చిన పాత పాటలే ఎంచుకున్నారు. ఆ మార్పు రికార్డుకు కలిసొచ్చింది. ‘స్క్రాపుల్ ఫ్రమ్ ది ఆపిల్’ మొదలైన కొన్ని క్షణాలకే నలుగురూ ఒకే ఇంట్లో పెరిగినవాళ్లలా వినిపిస్తారు. ‘విల్లో వీప్ ఫర్ మీ’లో గోర్డన్ ఒక్కో స్వరాన్ని తాళానికి రవ్వంత వెనకగా, తొందరేమీ లేదన్నట్టు దించుతారు. ఆయన శైలి ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట వినిపించేది ఆ ముక్కనే.

మరుసటి ఏడాది జూన్ 2న, మళ్లీ పారిస్‌లోనే, ‘వన్ ఫ్లైట్ అప్’ చేశారు. ట్రంపెట్ వాదకుడు డోనల్డ్ బర్డ్ రాసిన ‘తాన్యా’ అనే ఒక్క రచనే ఎల్‌పీలో ఒక వైపంతా, దాదాపు 18 నిమిషాలు సాగుతుంది. స్టూడియోలో అంత తీరిగ్గా వాయించడం అప్పటికి అరుదు. గోర్డన్ క్లబ్బులో వాయించే తీరు స్టూడియోలోకి నడిచివచ్చినట్టు ఉంటుంది. ఈ రికార్డులో బేస్ వాయించింది నీల్స్-హెనింగ్ ఓర్స్‌టెడ్ పెడర్సన్ అనే డేనిష్ కుర్రవాడు. అతనికి పద్దెనిమిదేళ్లు నిండి అప్పటికి వారం కూడా కాలేదు. అంతకు ముందే పేరున్న అమెరికన్ జాజ్ బృంద నాయకుడు కౌంట్ బేసీ తన బృందంలోకి పిలిస్తే రాలేనన్నాడు, అమెరికాలో ఉండి పనిచేయడానికి వయసు చాలలేదు. గోర్డన్ యూరప్ రికార్డులన్నిటినీ కలిపే దారం ఎవరంటే, గోర్డన్ తరువాత నేను ఈ కుర్రవాడి పేరే చెబుతాను.

సరిగ్గా ఆ జూన్‌లోనే మోంమార్త్ర రాత్రులు మొదలయ్యాయి. స్టోర రేగ్నెగేడ్ వీధిలో 19వ నంబరు ఇల్లు, గోడ మీద మోగెన్స్ గిలింగ్ చేసిన ప్లాస్టర్ ముఖాలు, మధ్యలో చిన్న వేదిక. 1964 జూన్ నుంచి ఆగస్టు దాకా డెన్మార్క్ రేడియో అక్కడి నుంచి గోర్డన్ కచేరీలను ప్రసారం చేసింది. పియానో మీద బార్సిలోనాకు చెందిన టెటె మోంటొలియు. పుట్టుకతోనే చూపులేని మనిషి, చేతుల వేగం మాత్రం అసామాన్యం. బేస్ మీద పెడర్సన్. డ్రమ్స్ మీద ఎక్కువ రాత్రులు అలెక్స్ రీల్. ఆ టేపులే ‘డెక్స్టర్ ఇన్ రేడియోల్యాండ్’ అన్న వరుసలో ‘చీజ్ కేక్’, ‘కింగ్ నెప్ట్యూన్’, ‘ఐ వాంట్ మోర్’, ‘లవ్ ఫర్ సేల్’, ‘ఇట్స్ యూ ఆర్ నో వన్’, ‘బిలీస్ బౌన్స్’ పేర్లతో వచ్చాయి.

ఇక్కడ మన కచేరీ అలవాటున్న చెవికి ఒక సౌకర్యం ఉంది. ఒక విద్వాంసుడు ఒకే కీర్తనను నాలుగు ఊళ్లలో పాడితే నాలుగూ వినాలని తపించేవాళ్లం మనం. ఈ ఊళ్లో నెరవు ఎక్కడ పట్టాడు, ఆ ఊళ్లో స్వరకల్పనకు ఎంతసేపు తీసుకున్నాడు అని పోల్చుకుంటాం. రేడియోల్యాండ్ వరుస ఆ ఆకలికి సరిపడే భోజనం. ఒకే క్లబ్బులో వారాల తరబడి వాయించడం వల్ల వచ్చిన ఫలం అది. ‘చీజ్ కేక్’నే తీసుకోండి. 1962లో ‘గో’ ఆల్బమ్‌లో అది కొలిచి కోసిన బట్టలా ఉంటుంది, ఒక్క స్వరం కూడా తీసేయలేం. కోపెన్‌హాగన్‌లో అదే పాటను గోర్డన్ విప్పి పరుస్తారు. పల్లవి అయ్యాక ఒక చరణం, మరో చరణం, ఇక ఆపుతారనుకున్న చోట ఏదో పాత సినిమా పాట ముక్కను చమత్కారంగా గుచ్చి మళ్లీ బయలుదేరతారు. ‘ఎ నైట్ ఇన్ ట్యునీషియా’ పారిస్ ఆల్బమ్‌లోనూ ఉంది, ‘బిలీస్ బౌన్స్’ ఆల్బమ్‌లోనూ ఉంది. పారిస్‌ది నేర్పుకు నిదర్శనం. కోపెన్‌హాగన్‌ది వింటుంటే ఒక మనిషి ఆలోచిస్తూ ఉండగా పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంకొకటి, ఆయన గొంతు. పాట మొదలయ్యే ముందు మైకు దగ్గర నిలబడి, శాక్సోఫోన్‌ది ఎంత మంద్రమో అంత మంద్రమైన స్వరంతో, మాటకూ మాటకూ మధ్య చాలినంత ఖాళీ వదిలి పాట పేరు చెబుతారు. పాట సాహిత్యం తెలియకుండా ఆ పాటను వాయించకూడదని నమ్మిన వాదకుడు ఆయన. ఆ నమ్మకం గురువులా చూసుకున్న శాక్సోఫోన్ వాదకుడు లెస్టర్ యంగ్ నుంచి వచ్చింది. ఆ మాటలు విన్న వెంటనే శాక్సోఫోన్ అందుకుంటే ఆ వాద్యం కూడా అదే వేగంతో, అదే తీరిక‌తో మాట్లాడుతుందని తెలిసిపోతుంది. ఆయన తాళం వెనక నడవడం వాయింపులో నేర్చిన ఉపాయం కాదు, మనిషి నడకే అంత. ఈ సంగతి స్టూడియో రికార్డు చెప్పలేదు. అక్కడ మాటలు ఉండవు.

లోపాలూ చెప్పాలి. రేడియో వాళ్లు పట్టిన ధ్వనిలో స్టూడియో నునుపు లేదు. గ్లాసుల చప్పుడు, మాటల గుసగుస మధ్యలో దూరుతుంటాయి. ఒక్కో ముక్క పది, పన్నెండు నిమిషాలు దాటిపోతుంది. జాజ్ కొత్తగా వింటున్నవారికి ఎక్కడ పట్టుకోవాలో తెలియక జారిపోవచ్చు. అలాంటివారు ‘అవర్ మ్యాన్ ఇన్ పారిస్’తోనే మొదలుపెట్టాలి, అందులో నాకు సందేహం లేదు. 1986లో వచ్చిన ‘రౌండ్ మిడ్‌నైట్’ సినిమాలో గోర్డన్ నటన చూసి ఆయన సంగీతం వైపు వచ్చేవారికీ అదే సరైన గుమ్మం. పారిస్‌లో బతికే అమెరికన్ శాక్సోఫోన్ వాదకుడి కథ అది. బడ్ పొవెల్, లెస్టర్ యంగ్‌ల జీవితాల నుంచి అల్లుకున్నది. ఆ పాత్రకు గోర్డన్ ఆస్కార్ నామినేషన్ కూడా పొందారు.

ఈ రెండింటి నడుమ మూడో మార్గమొకటి ఉంది, 1967 జూలై 20న అదే మోంమార్త్రలో పట్టి, తరువాత బ్లాక్ లయన్ కంపెనీ విడుదల చేసిన రికార్డింగ్. ఇది రేడియో కోసం కాదు, ఆల్బమ్ చేయాలనే పట్టినది, కాబట్టి ధ్వని మెరుగ్గా ఉంటుంది. క్లబ్బు వేడీ ఉంటుంది. కెనీ డ్రూ, పెడర్సన్, డ్రమ్స్ మీద ఆల్బర్ట్ హీత్. ‘బోత్ సైడ్స్ ఆఫ్ మిడ్‌నైట్’, ‘బాడీ అండ్ సోల్’, ‘టేక్ ది ఎ ట్రైన్’ అనే మూడు ఆల్బములకు సరిపడా సంగీతం ఆ రోజు వచ్చింది. ఒక్కటే కొనగలను, మళ్లీ కొనను అనేవారికి నా సలహా ‘బోత్ సైడ్స్ ఆఫ్ మిడ్‌నైట్’.

కానీ జాగ్రత్త. ఈ టేపులు చేతులు మారి, రకరకాల పేర్లతో, రకరకాల అట్టలతో మళ్లీ మళ్లీ వచ్చాయి. నేను ఒకసారి ముందెన్నడూ చూడని బొమ్మ ఉన్న సీడీని కొత్త కచేరీ అనుకుని ఆశగా తెప్పించుకున్నాను. అట్ట మీద ఎక్కడా తేదీ లేదు. లోపలి కాగితం విప్పితే, అడుగున చీమ తలంత అక్షరాల్లో ‘1967 జూలై 20’, కింద అవే నాలుగు పేర్లు. అప్పటికే ఆ మూడు ఆల్బములూ నా బీరువాలో ఉన్నాయి. గోర్డన్ యూరప్ రికార్డు ఏది కొన్నా ఆల్బమ్ పేరు చూసి కొనకండి. తేదీ, ఊరు, వాదకుల పేర్లు మూడూ చూడండి. ఆ మూడూ అమ్మేవారు చెప్పలేకపోతే డబ్బు తీయకండి. నేను ఒక నోటు పుస్తకంలో తేదీల వరుసలో రాసుకుంటాను, ఆల్బమ్ పేర్లు పక్క గడిలో ఉంటాయి. పేర్లు మారతాయి, తేదీ మారదు.

1970ల స్టీపుల్‌చేజ్ స్టూడియో ఆల్బముల గురించి కూడా అడుగుతారు. నీల్స్ వింటర్ మోంమార్త్రలో కచేరీలు టేపు చేసుకునే విద్యార్థి. 1972లో ఈ కంపెనీ పెట్టి గోర్డన్‌తో వరుసగా రికార్డులు చేయించారు. 1974 నాటి ‘ది అపార్ట్‌మెంట్’ చక్కగా ఉంటుంది. వాద్యబృందంతో చేసిన ‘మోర్ దాన్ యూ నో’ నాకు అంతగా పట్టలేదు. గోర్డన్ శాక్సోఫోన్ వెనక అన్ని వాద్యాలు అవసరం లేదనిపిస్తుంది. 1975 ఆగస్టులో జ్యూరిక్‌లో పట్టిన ‘స్విస్ నైట్స్’ మూడు భాగాలూ మంచివే, అయితే మొదటిది చాలు. అమెరికా వెళ్లిపోయాక మళ్లీ వచ్చి వాయించిన కచేరీలు, ఈ మధ్య బయటపడిన పాత టేపులు ఇంకా ఉన్నాయి. అవి మిగతావన్నీ కొనేసినవారి కోసం.

ఎల్‌పీయా, సీడీయా అన్నదానికి నా జవాబు రెండు ముక్కలు. పారిస్ ఆల్బములు ఎల్‌పీగా కొనండి. ‘తాన్యా’ ఒక వైపుకు కొలిచినట్టు సరిపోతుంది, అది ముగిశాక లేచి రికార్డు తిప్పే ఆ నిమిషం నిశ్శబ్దం ఆ పాటకు అవసరం కూడా. బ్లూ నోట్ తన పాత ఆల్బములను మళ్లీ ఎల్‌పీలుగా ముద్రిస్తూనే ఉంది కాబట్టి తొలి ముద్రణల కోసం అప్పు చేయనక్కరలేదు. రేడియోల్యాండ్ మాత్రం సీడీగానే మేలు. రాత్రంతా సాగిన కచేరీని మధ్యలో లేచి తిప్పవలసిన పని ఉండదు, ధ్వని విషయంలో ఎల్‌పీ అదనంగా ఇచ్చేదీ పెద్దగా లేదు.

క్లబ్బు వైపు నన్ను పూర్తిగా తిప్పేసినవి రెండు రికార్డులు. మొదటిది 1964 నాటి ‘బిలీస్ బౌన్స్’. రెండోది 1975లో స్టీపుల్‌చేజ్ కోసం చేసిన ‘బౌన్సిన్ విత్ డెక్స్’. ఇది స్టూడియోదే అయినా, క్లబ్బులో కలిసి నడిచినవాళ్లు ఎంత దూరం వచ్చారో ఇందులో తెలుస్తుంది. రెండో దాంట్లోనూ అదే ‘బిలీస్ బౌన్స్’ పాట ఉంది. పియానో మళ్లీ మోంటొలియు, బేస్ మళ్లీ పెడర్సన్, డ్రమ్స్ మాత్రం ఈసారి బిలీ హిగిన్స్. నడుమ పదకొండేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండూ వెంటవెంటనే పెట్టుకుని, శాక్సోఫోన్‌ను వదిలేసి బేస్ మీదే చెవి ఉంచాను. మొదటి దాంట్లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు తప్పటడుగు పడకూడదన్న పట్టుదలతో పెద్దాయన వెంట నడుస్తున్నాడు. రెండో దాంట్లో ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, వేళ్లు గిటారు మీద పరుగెడుతున్నంత తేలిక. గోర్డన్ ఒక వాక్యం మొదలుపెడితే అది ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసినవాడిలా అక్కడికి చేరి ఎదురుచూస్తున్నాడు. ఆ రోజు మళ్లీ మొదటిదే పెట్టుకున్నాను.