క్రిస్మస్‌కు ముందు ఒక్క వీకెండ్: స్ట్రాస్‌బర్గా, వియన్నానా, డ్రెస్డెనా?

మేం నలుగురం కాకినాడలో ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నాం. ఇప్పుడు ఒకడు బెర్లిన్‌లో, ఒకడు మ్యూనిక్‌లో, మిగతా ఇద్దరం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాం. ఏడాదంతా వాట్సాప్‌లో "ఈసారి కలుద్దాం రా" అనుకోవడమే తప్ప కుదిరి చావదు, అందుకే డిసెంబర్‌లో ఒక్క వీకెండ్ మాత్రం ఎవరూ ఏ పనీ పెట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం. అలా మూడేళ్లలో క్రిస్మస్ మార్కెట్లు (డిసెంబర్‌లో చౌరస్తాల్లో తిండి, బొమ్మలు అమ్మే తాత్కాలిక దుకాణాలు) చూస్తూ మూడు రూట్లు తిరిగాం. ఒకటి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, కోల్మార్. రెండోది వియన్నా (ఆస్ట్రియా), బుడాపెస్ట్ (హంగరీ). మూడోది డ్రెస్డెన్ (జర్మనీ), ప్రాగ్ (చెక్ దేశం). కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన పిల్లలు చాలామంది ఏది మేలని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందే చెప్పేస్తాను, ఫ్రెండ్స్‌తో వెళ్లేటట్టయితే నా ఓటు డ్రెస్డెన్–ప్రాగ్‌కే. మూడింటిలో అందమైన ఊరు ఏదంటే స్ట్రాస్‌బర్గ్ అని నేనే చెబుతాను, అందులో వాదన లేదు. కానీ శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరేవాళ్లకి చేతిలో ఉండేది నలభై ఎనిమిది గంటలు, అందులో నిద్ర పోను, ప్రయాణం పోను నలుగురూ ఒక్కచోట కూర్చుని మాట్లాడుకునే టైమ్ ఎంత మిగులుతుందన్నది నాకు ముఖ్యం.

స్ట్రాస్‌బర్గ్ సంగతి ముందు. అక్కడ క్రిస్మస్ మార్కెట్ 1570 నుంచి నడుస్తోంది. పాత ఊరంతా ఇల్ నది మధ్యలో ఒక దీవిలా ఉంటుంది, ఇళ్ల ముందు బొమ్మలు, దండలు, దీపాలు, క్లెబర్ చౌరస్తాలో పెద్ద చెట్టు, వీటన్నిటి మీదుగా 142 మీటర్ల కెథడ్రల్. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం అదేనట, కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి చూస్తే నమ్మాలనిపిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో రెండు గంటలే. డబ్బులు తక్కువున్న స్టూడెంట్లకి ఒక దారి ఉంది: డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతా రీజనల్ బళ్లలో చెల్లే నెలవారీ పాస్, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు) మీద రీజనల్ బళ్లు మారుకుంటూ సరిహద్దు ఊరు కేల్ దాకా రావచ్చు, అక్కడ ట్రామ్ ఎక్కితే రైన్ నది దాటి నేరుగా స్ట్రాస్‌బర్గ్ ఊళ్లోకి తీసుకెళుతుంది. హోటల్ కూడా కేల్‌లోనే తీసుకోండి, ఎందుకంటే డిసెంబర్ వీకెండ్లలో స్ట్రాస్‌బర్గ్ హోటళ్ల రేట్లు చూస్తే గుండె ఆగుతుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? శనివారం సాయంత్రం. 2018లో అక్కడ మార్కెట్ మీద దాడి జరిగింది, అందుకని వంతెనల దగ్గర బ్యాగులు చెక్ చేస్తారు, అది మంచిదే. కానీ లోపలికి వెళ్లాక ఇరుకు సందుల్లో జనం ఎలా ఉంటారంటే మన పుష్కరాల రేవులో మెట్ల మీద ఉన్నట్టే, వెనకవాడు తోస్తే ముందుకెళ్లడం తప్ప మన ఇష్టం ఏమీ లేదు. నలుగురం రెండుసార్లు తప్పిపోయాం, ఫోన్లు పట్టుకుని "కెథడ్రల్ ముందున్నా", "నేనూ ముందే ఉన్నా" అని వెతుక్కోవడంలోనే గంట పోయింది. బెర్లిన్ వాడికైతే కనెక్షన్ ట్రైన్ తప్పి శుక్రవారం రాత్రి ఒంటిగంటకి చేరాడు. మర్నాడు కోల్మార్ వెళ్లేటప్పుడు వాడు కూర్చున్నచోటే నిద్రపోయాడు. కోల్మార్ మాత్రం అరగంట దూరమే, పొద్దున్నే పదింటిలోపు చేరితే కాలవ పక్కన రంగు రంగుల ఇళ్లు ప్రశాంతంగా చూడొచ్చు, పదకొండు దాటితే అదీ కష్టమే. భార్యాభర్తలు ఇద్దరే వెళ్తే, అదీ వారం మధ్యలో సెలవు పెట్టుకుని వెళ్తే, స్ట్రాస్‌బర్గ్‌ని మించింది లేదు. గుంపుగా శనివారం మాత్రం వద్దు.

వియన్నా–బుడాపెస్ట్ విషయం వేరు. ఇక్కడ జనం సమస్య కాదు, ఊళ్లు పెద్దవి, మార్కెట్లు బోలెడు. వియన్నాలో మున్సిపల్ ఆఫీసు భవనం ముందు పెట్టేది పెద్దది కానీ ఫొటోలకే బాగుంటుంది, నాకు నచ్చింది షోన్‌బ్రున్ ప్యాలెస్ ముందు పెట్టేది, విశాలంగా ఉంటుంది, నిలబడి తాగడానికి బల్లలు దొరుకుతాయి. అక్కడి నుంచి బుడాపెస్ట్ రెండు గంటల నలభై నిమిషాలు.

బుడాపెస్ట్‌లో అసలు ఆకర్షణ మార్కెట్ కాదు, వేడినీళ్ల స్నానం. సేచెని అని 1913లో కట్టిన స్నానశాల, భూమిలోంచి వచ్చే వేడినీళ్లతో నడుస్తుంది. బయట రెండు డిగ్రీల చలి, మనం ఆరుబయట తొట్టిలో మెడ దాకా వేడినీళ్లలో, తల మీద చల్లగాలి, ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా కనిపించనంత ఆవిరి. అందులో రెండు గంటలు కూర్చున్నాం. ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు కాబట్టి, ఆరేళ్లలో మాట్లాడుకోని సంగతులు ఆ రెండు గంటల్లో మాట్లాడుకున్నాం. మ్యూనిక్ వాడు ఉద్యోగం పోయిన సంగతి మాకు మొదటిసారి అక్కడే చెప్పాడు. వెళ్లేటప్పుడు స్విమ్మింగ్ డ్రెస్, చెప్పులు, తువ్వాలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఆడపిల్లలు కూడా గ్రూప్‌లో ఉంటే, అక్కడ అందరికీ స్విమ్మింగ్ డ్రెస్ తప్పనిసరి అని బుకింగ్‌కి ముందే చెప్పుకోండి, అక్కడికెళ్లాక మొహమాటపడి ఒకరిద్దరు బయట చలిలో కూర్చోవడం ఎవరికీ బాగుండదు.

ఇంత బాగుంటే మరి దానికే ఓటు ఎందుకు వేయలేదంటే, రెండు రోజులకి అది చాలదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వియన్నాకే ఆరు గంటల పైన, బెర్లిన్ నుంచి ఇంకా ఎక్కువ. మేం శుక్రవారం, సోమవారం రెండూ సెలవు పెట్టాం కాబట్టి కుదిరింది. నాలుగు రోజులుంటే కళ్లు మూసుకుని ఇదే ఎంచుకోండి.

ఇక డ్రెస్డెన్–ప్రాగ్. బెర్లిన్ వాడికి రెండు గంటలు, ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లకి, మ్యూనిక్ వాడికి నాలుగున్నర, ఐదు. శుక్రవారం రాత్రికి అందరం డ్రెస్డెన్ చేరిపోయాం, స్టేషన్ పక్కనే గది తీసుకుని పడుకుని శనివారం పొద్దున్న ప్రాగ్ బండి ఎక్కాం. ఈ రెండున్నర గంటల ప్రయాణం ఉంది చూశారా, దానికోసమైనా వెళ్లాలి. రైలు ఎల్బే నది ఒడ్డునే వెళుతుంది, డ్రెస్డెన్ నుంచి వెళ్లేటప్పుడు ఎడమవైపు సీట్లు తీసుకోండి, నది అటే ఉంటుంది, అవతలి ఒడ్డున ఇసుకరాతి కొండలు నిలువుగా కోసినట్టు ఉంటాయి. పొద్దుటి బండే ఎక్కాలి, డిసెంబర్‌లో నాలుగింటికల్లా చీకటి పడిపోతుంది. మేం ఆ బండిలో పులిహోర డబ్బా విప్పాం. రాత్రి కలిపింది కాబట్టి పులుపు బాగా పట్టింది, ప్లేట్లు లేక డబ్బా మూతలోనే నలుగురం తిన్నాం, కిటికీలో కొండలు వెళ్తున్నాయి.

ప్రాగ్‌లో పాత ఊరి చౌరస్తాలో మార్కెట్, పక్కనే 1410 నాటి ఖగోళ గడియారం. రెండు జాగ్రత్తలు. నిప్పుల మీద కాలుస్తున్న పంది మాంసం కొనేవాళ్లు బోర్డు సరిగ్గా చదవండి, రేటు 100 గ్రాములకి రాసి ఉంటుంది, వాళ్లు కోసిచ్చే ముక్క అంతకు మూడు రెట్లు ఉండొచ్చు, అప్పుడు బిల్లు చూసి గొడవ పడి లాభం లేదు. కార్డు మిషన్ గానీ ఏటీఎం గానీ "యూరోల్లోనా, కొరునాల్లోనా (చెక్ డబ్బు)" అని అడిగితే కొరునాలే నొక్కండి, యూరోలు నొక్కితే వాళ్లకి లాభమైన రేటు పడుతుంది. శాకాహారులకి వేయించిన చీజ్ దొరుకుతుంది, కానీ తిండి విషయంలో డ్రెస్డెన్ మెరుగు.

ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి డ్రెస్డెన్ వచ్చాం. జర్మనీలో ఆదివారం షాపులు మూసేస్తారు గానీ మార్కెట్ తెరిచే ఉంటుంది. దాని పేరు స్ట్రీట్సెల్‌మార్క్ట్, 1434లో మొదలైంది. బంగాళదుంప తురిమి గుండ్రంగా నూనెలో వేయించి పైన ఆపిల్ గుజ్జు వేసి ఇస్తారు, అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా, చలిలో వేళ్లు కాలుతున్నా వదలబుద్ధి కాదు. మందు తాగనివాళ్లకి కిండర్‌పున్ష్ అని వేడి పళ్లరసం ఉంటుంది. కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బు ఇచ్చేస్తారు, నచ్చితే ఇంటికి తెచ్చుకోవచ్చు.

మా నలుగురిలో ఒకడిది గుంటూరు, లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబం. వాళ్లింట్లో డిసెంబర్ మొదలవగానే గుమ్మానికి కాగితం నక్షత్రం కడతారు, సెమీ క్రిస్మస్‌లు, క్యారల్ రౌండ్స్ అని నెలంతా ఇల్లు సందడిగా ఉంటుంది. ఇక్కడికొచ్చాక అవేవీ లేక డిసెంబర్‌లోనే దిగులుగా ఉంటాడు. డ్రెస్డెన్‌లోని ఫ్రౌయెన్‌కిర్షె చర్చి 1945 బాంబు దాడిలో కాలి కూలిపోయింది, 2005లో మళ్లీ తెరిచారు, పాత నల్లరాళ్లు కొత్త రాళ్ల మధ్య ఎక్కడివక్కడ కనిపిస్తాయి. అది లూథరన్ చర్చే, ముందు ఆ శాఖ మూలపురుషుడు మార్టిన్ లూథర్ విగ్రహం కూడా ఉంది. వాడు లోపల చాలాసేపు కూర్చున్నాడు, మేం బయట వెయిట్ చేశాం. తర్వాత మార్కెట్‌లో హెర్న్‌హూట్ నక్షత్రం కొన్నాడు, దగ్గర్లోని హెర్న్‌హూట్ అనే ఊళ్లో తయారుచేసే నక్షత్రం అది, 25 కొమ్ములు విడివిడిగా పెట్టెలో ఇస్తారు, మనమే క్లిప్పులతో కలుపుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే బండిలో టేబుల్ మీద పరుచుకుని నేనూ వాడూ కలపడం మొదలుపెట్టాం, దిగే టైమ్‌కి ఇంకా ఆరు కొమ్ములు మిగిలాయి.

వెళ్లేవాళ్లు పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గర పెట్టుకోండి. జర్మనీ సరిహద్దుల్లో చెకింగ్ జరుగుతోంది, ప్రాగ్ నుంచి వచ్చేటప్పుడు పోలీసులు బండి ఎక్కి అడిగారు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. టికెట్లు అక్టోబర్‌లోనే తీసుకుంటే సగానికి సగం తగ్గుతాయి. ఈసారి రెండో అడ్వెంట్‌కి (క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో రెండోది) ముందు శనివారం డ్రెస్డెన్‌లోనే ఉండాలనుకుంటున్నాం, ఆ రోజు టన్నుల బరువున్న స్టోలెన్ కేకుని గుర్రబ్బండి మీద ఊరేగించి కోసి అమ్ముతారు. మ్యూనిక్ వాడికి కొత్త ఉద్యోగం వచ్చింది, పులిహోర ఈసారి వాడి వంతు.