నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: ఇంజిన్ ముక్కలతో చేసుకున్న టేబుల్, దీపం, కొక్కేలు, స్టూలు

ముందే చెప్పేస్తున్నా, టేబుల్ బాగుంది, దీపం ఇంకా బాగుంది, కొక్కేలు పర్వాలేదు, స్టూలు శుద్ధ దండగ.

టేబుల్‌కి వాడింది పాత కారు నాలుగు సిలిండర్ల ఇంజిన్ బ్లాక్, అంటే సిలిండర్లుండే ఇంజిన్ మొండెం, పోత ఇనుముది. లోపల పిస్టన్లు (సిలిండర్లలో పైకీ కిందికీ ఆడే ముక్కలు), క్రాంక్ (అవి తిప్పే వంకర ఇరుసు) ఏమీ లేకుండా ఉత్త డొల్లే 46 కిలోలు తూగింది. నడుం మీద ప్రేమున్నవాళ్లు అల్యూమినియం బ్లాక్ వెతుక్కోండి, చాలా తేలిక. నేను మొదట అందరిలాగే దాన్ని నిలబెట్టి, పిస్టన్లను పైకి లేపి, వాటి నెత్తిన గాజు పెట్టాను. ఫొటోలో అదిరిపోయింది. కానీ నాలుగు పిస్టన్లూ ఒకే వరసలో ఉంటాయి కదా, వాటి మీద గాజు అంటే పిట్టగోడ మీద పలక పెట్టినట్టే. మా బావమరిది మాటల్లో పడి మోచెయ్యి అంచున ఆనించాడు, అంతే, అవతలి అంచు లేచి పైనున్నవన్నీ ఆయన ఒళ్లోకే వచ్చాయి. గాజు పగలకపోవడం మా అదృష్టం. వి ఆకారం బ్లాకులకి ఈ బాధ ఉండదు, పిస్టన్లు రెండు వరసలుగా విచ్చుకుని ఉంటాయి.

తర్వాత బ్లాక్‌ని పక్కకి పడుకోబెట్టి, ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని కారుకి పట్టి ఉంచే దిమ్మలు) బిగించే రంధ్రాల్లోకి కడ్డీలు బిగించాను. ఆ రంధ్రాలు ఒకే ఎత్తులో ఉండవు, ఒక్కో కడ్డీ ఒక్కో పొడవు కోయాల్సిందే. పైన 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, చదరపు మీటరుకి 25 కిలోలు లెక్కేసుకోండి. దాన్ని కడ్డీల తలలకున్న ఇనుప బిళ్లలకి అంటించేశాను కాబట్టి ఇప్పుడు గాజు లేవాలంటే మొత్తం బ్లాకే లేవాలి. వెల్డింగ్ జోలికి మాత్రం పోకండి, పోత ఇనుముని ముందుగా బాగా వేడి చేయకుండా అతికిస్తే చల్లారేటప్పుడు పగుళ్లిస్తుంది. బోల్టులే మేలు.

అసలు తిప్పలు నూనెతో. కిరసనాయిలుతో మూడుసార్లు కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, రంగేసి, హాల్లో పెట్టి మురిసిపోయా. ఎండలు ముదిరాక గదిలో మెకానిక్ షెడ్డు వాసన, కింద నేల మీద అరచేయంత నల్లమరక. బ్లాక్ గోడల లోపల నూనె పారే సన్నటి దారులు ఉంటాయి, వాటి చివర్లకి ప్లగ్గులు బిగించి ఉంటాయి, పైపైన ఎన్నిసార్లు కడిగినా అక్కడికి ఏదీ చేరదు. ప్లగ్గులన్నీ విప్పి, పొడుగాటి సన్న బ్రష్ దూర్చి, వేడి సబ్బునీళ్లతో తోమితే మడ్డి ముద్దలు ముద్దలుగా వచ్చింది. అప్పుడైనా తీరిందా? నీళ్లు తగిలిన గంటలోపే సిలిండర్ల లోపల పసుపు చల్లినట్టు తుప్పు! కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి హెయిర్ డ్రయ్యర్ పట్టాలి, మధ్యలో ఫోనొచ్చినా ఎత్తకూడదు. సిలిండర్ లోపలి గోడలు నున్నగా ఉంటాయి కాబట్టి తుప్పు పట్టకుండా అక్కడ వేసిన లక్క పూత రెండేళ్లకే పొరలుగా లేచిపోయింది. అది గీకేసి ఇప్పుడు మూణ్ణెల్లకోసారి మైనం రుద్దుతున్నా, దాంతో గొడవ లేదు.

మడ్డి వదిలించడానికి కాస్టిక్ సోడా నీళ్లు ఇనుముకి బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఆ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. గడియారం చేద్దామని దాచుకున్న అల్యూమినియం పిస్టన్‌ని ఆ సోడా నీళ్ల బకెట్లో వేసి పడుకున్నా, పొద్దున చూస్తే బొరియలు పడిన ముద్ద. గడియారం మాట అక్కడితో సరి. పాత గ్యాస్కెట్లలో (ఇంజిన్ భాగాల అతుకుల మధ్య పెట్టే పలచటి రేకుల్లో) ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చొద్దు.

క్రాంక్‌షాఫ్ట్ (అదే, ఇందాకటి క్రాంక్) నిలబెట్టి చేసిన దీపానికి వంక పెట్టలేను. దాని బరువుకి పిల్లలు గుద్దుకున్నా పడదు. నూనె రంధ్రాల్లోంచి వైరు లాగేద్దాం అనుకుంటారేమో, అవి ఏటవాలుగా ఉంటాయి, కుదరదు, వెనకనుంచి తీసుకోండి.

కొక్కేలకి వాల్వులు వాడాను, సిలిండర్‌లోకి గాలి, పొగ దారుల్ని తెరిచి మూసే పుట్టగొడుగు ఆకారం ముక్కలవి, కాడ చెక్కలోకి, తల బయటికి. కాడ పొడుగైందని రంపం పెట్టకండి. కొన్ని ఎగ్జాస్ట్ (పొగ బయటికి వదిలే) వాల్వుల కాడలు డొల్లగా ఉండి లోపల సోడియం ఉంటుంది, దానికి నీళ్లు తగిలితే మంట. నేనైతే చెక్కలోనే లోతుగా రంధ్రం చేశాను.

స్టూలుకి అడుగున ఫ్లైవీల్ (క్రాంక్ చివర ఉండే బరువైన పళ్ల చక్రం) పెట్టడం నా తెలివితక్కువతనం. చుట్టూ ఉన్న పళ్లు నేలనీ గీకాయి, కాలివేళ్లనీ గీకాయి. ఇప్పుడది బాల్కనీలో పూలకుండీ కింద ఉంది.

ఇంకొకటి, పక్కకి పడుకోబెట్టిన బ్లాక్‌లో సిలిండర్లు నాలుగు గూళ్లలా కనిపిస్తాయి, ఇంట్లో వాళ్లు టీవీ రిమోట్ అందులో తోస్తారు, అది క్రాంక్ వైపునుంచి జారి వెనక పడుతుంది. లక్కకీ మైనానికీ ఇంత ఆలోచించినవాణ్ని, దానికి మాత్రం ఓ అట్టముక్క అడ్డం పెట్టి ఊరుకున్నా.