ఉద్యోగి మానేశాక మెయిల్ ఏం చేయాలి: గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365

చిన్న ఆఫీసుల్లో ఎవరైనా మానేసిన రోజే అకౌంట్ డిలీట్ చేసేస్తుంటారు, దయచేసి ఆ తొందర వద్దు. వర్క్‌స్పేస్‌లో డిలీట్ చేసిన అకౌంట్‌ని తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు, మైక్రోసాఫ్ట్‌లో 30.

మెయిల్ పోకుండా ఉంచుకోవడంలో మాత్రం మైక్రోసాఫ్ట్‌దే పైచేయి. ఆ మెయిల్‌బాక్స్‌ని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (అంటే టీమ్‌లో కొందరు కలిసి చూసుకునే మెయిల్‌బాక్స్‌గా) మార్చేస్తే 50 జీబీ వరకు లైసెన్స్ డబ్బు కట్టక్కర్లేదు, కస్టమర్లు పాత అడ్రస్‌కి రాసినా మన టీమ్‌లో ఎవరో ఒకరు చూసుకుంటారు. కానీ ముందు మార్చాలి, ఆ తర్వాతే లైసెన్స్ తీయాలి, ఈ వరుస తప్పితే అనవసరమైన టెన్షన్. అకౌంట్‌ని మాత్రం డిలీట్ చేయకుండా సైన్‌ఇన్ బ్లాక్ చేసి వదిలేయండి, ఎందుకంటే ఆ మెయిల్‌బాక్స్ దానికే కట్టుబడి ఉంటుంది.

గూగుల్‌లో సస్పెండ్ చేస్తే చాలనుకుంటారు చాలామంది. సస్పెండ్ చేసినా లైసెన్స్ బిల్లు పడుతూనే ఉంటుంది, పైగా కొత్త మెయిల్స్ కూడా రావు! అందుకే ముందు డ్రైవ్ ఫైళ్లు మేనేజర్ పేరు మీదకి మార్చి, పాత మెయిల్స్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ తర్వాత డిలీట్ చేసి ఆ అడ్రస్‌ని ఇంకొకరికి అలియాస్‌గా (అంటే వాళ్ల ఇన్‌బాక్స్‌కే మెయిల్స్ వచ్చే రెండో అడ్రస్‌గా) ఇవ్వడం మేలు. డ్రైవ్ బదిలీ మాత్రం గూగుల్‌లో చాలా సులువు, డిలీట్ చేసేటప్పుడు అదే అడుగుతుంది.

ఏది వాడినా మొదటి పని ఒక్కటే: పాస్‌వర్డ్ మార్చి, ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయి ఉన్న సెషన్లన్నీ తీసేయండి.