మౌంట్ కాని డిస్కును షాపుకిస్తే ఖాళీ చేసి చేతికిచ్చారు: నెల్లూరోళ్ళు జాగ్రత్త

ట్రంకు రోడ్డు వైపు ల్యాప్‌టాప్‌లు, హార్డ్ డిస్కులు బాగుచేసే షాపులకు పోబోయేవాళ్ళు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాం, అది తేలేదాకా పేరు బయటపెట్టొద్దని మా తమ్ముడు గట్టిగా చెప్పాడు. అక్కడ పని చేయించుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చదవగానే ఏ షాపో తెలిసిపోతుంది.

మా ఇంట్లో చిన్న సర్వర్ ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ మీద ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఫైళ్ళు దాచే సాఫ్ట్‌వేర్, దానికి తగిలించిన 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు. నేనే పెట్టా, నేనే చూసుకుంటా. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలు రాత్రిపూట అందులోకి చేరతాయి. తమ్ముడి రొయ్యల గుంటల లెక్కలు, మేత రసీదులు, నీటి పరీక్షల కాగితాలు కూడా అందులోనే. మొన్నటి వానలకు ఒక రాత్రంతా కరెంటు పోతా వస్తా ఉండింది. తెల్లారి చూస్తే డిస్కు మౌంట్ కాలేదు, అంటే సర్వర్ దాన్ని తెరవలేకపోయింది. సర్వర్ లేస్తుంది, ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. తగిలించిన డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండు కొడితే ఒకసారి డిస్కు కనబడుతుంది, ఇంకోసారి కనబడదు. సిస్టమ్ రాసుకునే సందేశాలు చూపే డీమెసెజ్ తెరిస్తే యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని వరసగా లైన్లు. డిస్కు దగ్గర చెవి పెడితే మోటారు తిరగడం మొదలెట్టి, కాస్త ఊపందుకుని, ఆగిపోతోంది. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆగడం.

నా అనుమానం అడాప్టర్ మీదే. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీ తీగలో వచ్చేది 5 వోల్టులు. అందుకే దానికి వేరే అడాప్టర్ ఇస్తారు. మోటారు తిరగడం మొదలయ్యేటప్పుడే కరెంటు బాగా లాగుతుంది. అడాప్టర్ నీరసపడితే లైటు వెలుగుతూనే ఉంటుంది, మోటారుకు మాత్రం చాలదు. నేను ఆ షాపుకు పోయింది కొత్త అడాప్టర్ కోసం. డిస్కు బాగుచేయమని కాదు, డేటా తీయమని అసలే కాదు.

"అడాప్టర్ ఇచ్చే ముందు మా దగ్గర పెట్టి చూడాల మేడమ్, డిస్కు వదిలిపోండి, సాయంత్రం రండి" అన్నాడు కౌంటర్ దగ్గరున్న ఆయన. సరేనని, ఒక్కో మాటా విడమరిచి చెప్పా. ఇది లైనక్స్ డిస్కు, ఫైళ్ళు పేర్చిన పద్ధతి లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4. మీ విండోస్ దీన్ని చదవలేదు. పెట్టగానే ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి. మోటారు ఆగకుండా తిరుగుతోందా లేదా అన్నది చూస్తే చాలు, ఇంకేమీ ముట్టుకోవద్దు. "మాకు తెలుసు మేడమ్, రోజూ చూసేవే" అన్నాడు. ఆ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. తెల్లకాగితం మీద "లైనక్స్ డిస్కు. ఫార్మాట్ చేయవద్దు" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, డిస్కు మీదే టేపుతో అంటించి, ఆయన కళ్ళముందే ఫోన్లో ఫొటో తీసుకున్నా.

సాయంత్రం నేనూ తమ్ముడూ పోయాం. డిస్కు కౌంటర్ మీదే ఉంది. దాని మీద కాగితం లేదు. టేపు ముక్క మాత్రం ఒక మూల అంటుకుని ఉంది, దాని కింద కాగితం చిరిగిన అంచు. అది చూడగానే నాకు కాళ్ళల్లో సత్తువ పోయింది. ఆయన నవ్వుతూ మానిటర్ మా వైపు తిప్పాడు. "చూడండి సార్, ఎంత చక్కగా వచ్చిందో" అన్నాడు. సార్ అంటే మా తమ్ముడు. తెర మీద డిస్కు గుర్తు, దాని పక్కన ఖాళీ గడి, కింద 3.63 టీబీలో 3.63 టీబీ ఖాళీ అని. 4 టీబీ డిస్కును విండోస్ చూపించేది 3.63 అనే. అంటే మొత్తం డిస్కు అది. లోపల ఒక్క ఫైలు లేదు.

"ఇందులో ఉన్నవేవీ?" అన్నా.

"ఏమీ లేవు మేడమ్. పెట్టగానే రా, అంటే ఏ ఫార్మాటూ లేని డిస్కు అని చూపించింది. ఖాళీ డిస్కే గదా అని ఫార్మాట్ చేసి ఇచ్చాం."

"చేయొద్దని రాసి అంటించా గదా. ఆ కాగితం ఏమైంది?"

"కాగితమా? ఏం కాగితం మేడమ్?"

ఈ మాట దగ్గరే నా ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతోంది. పొరపాటున చేశాం అని ఉంటే అది వేరే సంగతి. కాగితాన్ని ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని చింపారు. చింపాలంటే ముందు దాన్ని చూడాలి. తెలుగులో ఆ నాలుగు మాటలు చదవకుండా ఎవరికీ కుదరదు. వెనక బల్ల దగ్గర పనిచేస్తున్న కుర్రాడు తలెత్తలేదు. పొద్దున తీసిన ఫొటోను ఫోన్లో చూపించా. ఆయన దాని వంక చూడను కూడా లేదు. మా తమ్ముడి వైపు తిరిగి, "సార్, మేడమ్‌కు ఇవి చెప్పినా అర్థం కావు. డిస్కు చచ్చిపోయి వచ్చింది, మేం బతికించి ఇస్తున్నాం. సర్వీసు 1,500 అయింది" అన్నాడు.

"ఆ సర్వర్ పెట్టింది మా అక్క. ఏం మాట్లాడాలన్నా ఆమెతో మాట్లాడు" అన్నాడు తమ్ముడు. అయినా ఆయన నాతో మాట్లాడలేదు. "ఫొటోలే గదా సార్, అందరి ఫోన్లలో ఉంటాయి, మళ్ళీ ఎక్కించుకుంటే సరి" అని తమ్ముడికే చెప్పాడు.

ఏ ఫోన్లలో ఉంటాయయ్యా? మా నాయన పోయాడు. ఆయన చేతి ఫోను ఆయనకంటే ముందే పోయింది. మొలగొలుకులు పండించిన రోజుల గురించి, నారు ఎప్పుడు పోసేవాళ్ళు, ఏ చేలో ఎట్టా పండేది, ఆ బియ్యం వండితే ఇల్లంతా ఎట్టా ఉండేదో కూర్చోబెట్టి అడిగి తీసిన వీడియోలు అందులో ఉన్నాయి. 2015 నవంబరు వానల్లో నీళ్ళు ముంగిట్లోకి వచ్చినప్పుడు అమ్మ మేడమీద పొయ్యి పెట్టి అందరికీ వండిన ఫొటోలున్నాయి. తమ్ముడి గుంటల్లో ఏ పంటకు ఎంత మేత పడింది, ఏ నెలలో జబ్బు తగిలింది, అన్నీ ఉన్నాయి. కాగితాల నకళ్ళు ఇంకో డిస్కులో ఉన్నాయి. వీడియోలు అందులో పట్టక ఇక్కడే ఉంచాం.

గట్టిగా అరిచా. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు, చూడనీ. డబ్బు కట్టందే డిస్కు ఇవ్వనన్నాడు. కట్టాం, బిల్లు అడిగి మరీ తీసుకున్నాం. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో "డేటాకు మా బాధ్యత లేదు" అని ఉంది. ఆ అచ్చు మీద వేలు పెట్టి చూపించి, ఇంకేం మాట్లాడేది లేదన్నాడు.

నన్ను అన్నింటికంటే రగిలిస్తున్నది ఇది. వాళ్ళ అడాప్టర్‌తో డిస్కు ఆగకుండా తిరిగింది. తిరిగింది కాబట్టే ఫార్మాట్ పూర్తయింది. అంటే పొద్దున నేను చెప్పిందే నిజం, చెడింది అడాప్టర్ ఒక్కటే. ఆ క్షణంలో ఆ అడాప్టర్ పీకి నా చేతిలో పెట్టి వాళ్ళకు రావాల్సింది వాళ్ళు తీసుకుని ఉంటే, రాత్రికి నా సర్వర్ లేచేది, నాయన వీడియోలు ఉన్నచోటే ఉండేవి. పని అయిపోయాక, పని లేనిచోట వేలు పెట్టి, దానికి సర్వీసు అని బిల్లేశారు.

ఫార్మాట్ అంటే రిపేరు కాదు. ఫార్మాట్ చేయాలా అని విండోస్ ఆ పెట్టె చూపించేది డిస్కు పాడైందని కాదు, ఈఎక్స్‌టీ4 దానికి తెలియదు కాబట్టి. తనకు రాని లిపిలో రాసిన పుస్తకం చేతికొస్తే తెల్లకాగితాలే అని చెరిపేసే మనిషి ఎట్టాంటివాడో, ఆ పెట్టెలో ఫార్మాట్ నొక్కేవాడూ అట్టాంటివాడే. హార్డ్ డిస్కుల పని చేస్తామని బోర్డు పెట్టుకున్నవాళ్ళకు ఈ మాత్రం తెలియకపోతే ఆ బోర్డు దించేయాలి. తెలిసీ చేసి ఉంటే ఇంకా ఘోరం.

ఇంటికి తెచ్చాక ఆ డిస్కులోకి ఒక్క అక్షరం రాయనివ్వలేదు. సీసీ కెమెరాలు అమ్మే ఇంకో షాపులో 12 వోల్టుల 2 ఆంపుల అడాప్టర్ దొరికింది, పిన్ను సరిపోయింది, పెట్టగానే మోటారు నిలకడగా తిరిగింది. అరువు తెచ్చిన పెద్ద డిస్కులోకి డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీసే డీడీరెస్క్యూతో మొత్తం నకలు తీసి, ఇప్పుడు ఆ నకలు మీదే పని చేస్తున్నా. వాళ్ళు చేసింది డిస్కంతా చెరపకుండా పైపైన చేసే క్విక్ ఫార్మాట్, అందుకే ఏదో కొంత మిగిలింది. విండోస్ విస్టా నుంచీ ఫుల్ ఫార్మాట్ చేస్తే డిస్కంతా సున్నాలు రాసేస్తుంది, ఆ పని చేసి ఉంటే ఇక వెతకడానికే ఏమీ ఉండేది కాదు. ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్ (డిస్కులో ఏది ఎట్టా పేర్చి ఉందో చెప్పే ముఖ్యమైన పట్టీ) నకళ్ళను డిస్కులో అక్కడక్కడా దాచుకుంటుంది. 32768వ బ్లాకులో ఉన్న నకలుతో డిస్కులో తప్పులు సరిచేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే కొన్ని ఫోల్డర్లు తిరిగొచ్చాయి. ఫార్మాట్‌తో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ వాడే పద్ధతి, తన పట్టికలు రాసుకున్నచోట ఉన్నవి రాలేదు. మిగతావాటికి ఫొటోరెక్ అనే, పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాం నడుస్తోంది. అది ఫైళ్ళ తల గుర్తులు చూసి బయటికి లాగుతుంది గానీ పేర్లుండవు, ఫోల్డర్లుండవు, అన్నీ ఎఫ్ అక్షరం వెనక అంకెలు. నాయన వీడియోల్లో కొన్ని బాగానే తెరుచుకున్నాయి. కొన్ని మాట మధ్యలో ఆగిపోతున్నాయి. కొన్ని ఇంకా కనబడలేదు. వెతుకుతూనే ఉన్నా.

ఫిర్యాదు పెట్టామన్నా గదా, దాని సంగతి చెబుతున్నా. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించా. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. 2019 చట్టం కింద ఇది సేవాలోపమే. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా ఉండదు, సంగతి జరిగిన 2 ఏళ్ళలోపు ఫిర్యాదు ఇవ్వాలి. బిల్లు, కాగితం అంటించిన డిస్కు ఫొటో, టేపు ముక్క అంటుకునే ఉన్న డిస్కు, మూడూ దాచిపెట్టాం. ఆ టేపును నేను పీకలేదు, ఎవరినీ పీకనివ్వను.

అన్నట్టు, మీ డిస్కు మౌంట్ కాకపోతే షాపుకు పరిగెత్తే ముందు ఇవి చూసుకోండి. ముందు అడాప్టర్, తర్వాత తీగ, తర్వాత హబ్ తీసేసి నేరుగా పోర్టులో పెట్టడం. అడాప్టర్ లేకుండా నడిచే చిన్న డిస్కులైతే, రాస్ప్‌బెర్రీ పై 4 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపులే, రెండు డిస్కులు పెడితే చాలదు, సొంత కరెంటున్న హబ్ కావాలి. కరెంటు సంగతి తేలకుండా డిస్కు తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపొద్దు, మధ్యలో డిస్కు ఆగితే ఉన్నది కూడా చెడుతుంది. డిస్కు కనబడుతూ మౌంట్ మాత్రం కాకపోతే బీఎల్‌కేఐడీ కమాండు కొట్టి యూయూఐడీ, అంటే ఆ డిస్కుకే ఉండే గుర్తింపు సంఖ్య చూసి, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఉన్నదానితో పోల్చండి. దాని బదులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే వరస పేర్లు రాసి ఉంటే ఇంకో డిస్కు తగిలించగానే తారుమారవుతాయి. అక్కడే నోఫెయిల్ అని కూడా రాయండి, లేకపోతే డిస్కు లేనప్పుడు సర్వర్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మానిటర్ లేని సర్వర్ కదా, ఎందుకు ఆగిందో కనబడదు, బోర్డు పోయిందని ఎవరో ఒకరు చెప్పి కొత్తది అంటగడతారు. విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పీకి తెచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మౌంట్ కాకపోతే, మళ్ళీ ఆ ల్యాప్‌టాప్‌కే పెట్టి, విండోస్‌ను పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచే ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, సరిగ్గా షట్‌డౌన్ చేసి తీయండి. ఇంకోటి, డిస్కు మౌంట్ కాని రోజుల్లో కూడా ఫోన్లు ఫొటోలు పంపుతూనే ఉంటాయి. అవి డిస్కులోకి కాకుండా సర్వర్ నడిచే మెమరీ కార్డు మీద అదే పేరున్న ఖాళీ ఫోల్డర్లో పడతాయి. కార్డు నిండిపోతుంది, ముందు ఆ పంపడం ఆపండి. లోపలి నుంచి టిక్కు టిక్కుమని గీరుకుంటున్న చప్పుడు వస్తే మాత్రం వెంటనే పీకేయండి, అది ఇంట్లో చూసుకునే పని కాదు. మామూలు షాపులో ఇచ్చే పని అంతకంటే కాదు.

ఎవరికైనా డిస్కు ఇవ్వక తప్పకపోతే మీ ఎదురుగా పెట్టి చూడమనండి. వదిలిపొమ్మంటే తీసుకుని వచ్చేయండి.

ఆ షాపులో ఇట్టాగే డిస్కు పోగొట్టుకున్నవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి. బిల్లు ఉంటే ముందు వెనకా రెండు వైపులా ఫొటో తీసి పంపండి. కావలి, గూడూరు నుంచి వచ్చి ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారని విన్నా. ఎంతమందిమి ఉంటే అంతమందిమి కలిసి కమిషన్‌కు పోదాం.