డాక్టరు వృత్తి, సంగీతం: వదిలేయడమా, వాయిదా వేయడమా, రెండూ మోయడమా? ఏది మేలు?

వైద్యం చదువుతూ సంగీతం మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకు సలహాలు రెండే రకాలు దొరుకుతాయి. "ముందు సెటిలవ్వు, పాట ఎక్కడికీ పోదు" అని ఇంట్లోవాళ్లు, "మనసుకి నచ్చింది చెయ్యి, ఒకటే కదా జీవితం" అని స్నేహితులు. రెండూ వినడానికి బాగానే ఉంటాయి గానీ, సోమవారం నైట్ డ్యూటీ పడితే మంగళవారం సాధన ఎప్పుడు చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అసలు చిక్కు వయసుతో. పద్దెనిమిది నుంచి ముప్పై దాకా ఉన్న ఏళ్లు వైద్యానికీ కావాలి, సంగీతానికీ కావాలి. గొంతు, వేళ్లు గట్టిపడేదీ, నాలుగుచోట్ల పేరు వినపడేదీ అప్పుడే. ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్, పీజీ నడిచేదీ అప్పుడే. అమెరికాలో 2003లో పీజీ డాక్టర్ల పని వారానికి సగటున 80 గంటలు దాటకూడదని నియమం పెట్టారంటే, అంతకుముందు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. 80 గంటలు పోగా మిగిలేదాంట్లో నిద్ర, తిండి, ప్రయాణం తీసేస్తే సాధనకు దక్కేది చాలా తక్కువ.

సరే, ఒక్కో దారీ చూద్దాం.

మొదటిది, వైద్యం వదిలేసి పూర్తిగా సంగీతంలోకి వెళ్లడం. ఈ దారికి అందరూ చెప్పే పేరు ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్. డాక్టరైన తండ్రి పారిస్‌కి పంపి వైద్యంలో చేర్పిస్తే, కొన్నేళ్లకే మానేసి సంగీతం పట్టుకున్నాడు, ఇంట్లో గొడవలయ్యాయి, తండ్రి పంపే డబ్బు కూడా మధ్యలో ఆగింది. కథగా బాగుంటుంది. కానీ ఈ దారిలో వెళ్లిన మరో ఇద్దరిని చూడండి: జెఫ్రీ టేట్, జుసెప్పె సినోపొలి. ఇద్దరూ పెద్ద ఆర్కెస్ట్రాలు నడిపిన కండక్టర్లు, ఇద్దరూ మెడిసిన్ పూర్తి చేసి పట్టా చేతికొచ్చాకే అటు వెళ్లారు. నాకు ఈ తేడా చాలా పెద్దదనిపిస్తుంది. మూడో సంవత్సరంలో మానేసినవాడికి, డిగ్రీ అయ్యాక మానేసినవాడికి మధ్య కాలం తేడా రెండు మూడేళ్లే గానీ, సంగీతంలో రాబడి లేని నెలలొస్తే రెండోవాడికి పార్ట్ టైమ్ డ్యూటీ అయినా దొరుకుతుంది, మొదటివాడికి చేతిలో ఏమీ ఉండదు. సంగీతంలో సంపాదన నెల నెలా ఒకేలా రాదు కదా, ఆ టెన్షన్‌లో సాధన కూడా సరిగ్గా సాగదు.

రెండో దారి వాయిదా. పీజీ అయ్యాక చూద్దాం, ప్రాక్టీసు కుదిరాక చూద్దాం, పిల్లలు పెద్దయ్యాక చూద్దాం. దీన్ని తిట్టడం తేలిక. నిజానికి రోజూ అరగంట పాటు పాతవే పాడుకున్నా, వాయించుకున్నా, వచ్చిన విద్య చాలావరకు నిలబడుతుంది. కొత్తగా ఎదగడానికే ఎడతెగని పెద్ద సమయం కావాలి. కాబట్టి వాయిదా వెయ్యదలిస్తే ఎదుగుదలను వాయిదా వెయ్యండి, ఆ అరగంటను మాత్రం వదలకండి. పూర్తిగా ఆపేసి పదేళ్లకు వాయిద్యం పెట్టె తెరిస్తే చెవి ఎక్కడికో ఎదిగి ఉంటుంది, వేళ్లు అక్కడే ఆగి ఉంటాయి. తన తప్పులన్నీ తనకే స్పష్టంగా వినపడుతుంటే చాలామంది ఆ వారంలోనే పెట్టె మూసేస్తారు.

మూడోది రెండూ మోయడం. అందరూ కలలు కనేది దీన్నే, విరిగిపోయేదీ ఇక్కడే. కచేరి తేదీ మూణ్ణెల్ల ముందే ఖాయమవుతుంది, డ్యూటీ చార్టు నెలాఖరున వస్తుంది. ఈ రెండు క్యాలెండర్లకూ పడదు. ఒకసారి ఎమర్జెన్సీ వల్ల రాలేకపోతే నిర్వాహకులు అర్థం చేసుకుంటారు, రెండోసారి కూడా సర్దుకుంటారు, మూడోసారి అసలు పిలవరు. ఇటు చూస్తే, "శనివారం నాకు ప్రోగ్రాం ఉంది, డ్యూటీ మార్చుకుంటావా" అని ప్రతి నెలా అడిగే డాక్టరంటే తోటివాళ్లకూ విసుగే.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. సంగీతం అనగానే మనకు వేదికే కళ్లముందు మెదులుతుంది. వేదిక అవసరం లేని సంగీతం బోలెడుంది: నేర్పడం, స్వరపరచడం, ఇంట్లో రికార్డు చేయడం, నలుగురు కలిసి కూర్చుని వాయించుకోవడం, పాత కృతులకు స్వరలిపి రాసి భద్రపరచడం. వీటికీ గంటలు కావాలి గానీ, ఫలానా రోజు ఫలానా గంటే కావాలని పట్టుపట్టవు.

శ్రీపాద పినాకపాణి గారు మెడిసిన్ ప్రొఫెసర్. ఉద్యోగం ఎక్కడా వదల్లేదు. ఆయన బలమంతా నేర్పడంలో, కృతులను స్వరపరిచి రాయడంలో ఉంది. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ లాంటి వాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు వచ్చింది. పూర్తికాలం పాడిన ఎందరికో దక్కని స్థానం అది, డాక్టరు వృత్తి వదలకుండానే సంపాదించాడాయన.

యూరప్‌లో బిల్రోత్ అనే సర్జన్ ఉండేవాడు, 1881లో వియన్నాలో కడుపులో క్యాన్సర్ ఉన్న భాగాన్ని విజయవంతంగా కోసి తీసేసినవాడు. స్వరకర్త బ్రామ్స్‌కు ఆప్తమిత్రుడు, బ్రామ్స్ కొత్త రచనలు కొన్ని ముందు ఆయన ఇంట్లోనే నలుగురి మధ్య వాయించి చూసేవాళ్లు. రెండు క్వార్టెట్లు, అంటే నలుగురు కలిసి వాయించే రచనలు, ఆయనకే అంకితమిచ్చాడు బ్రామ్స్. సర్జనే గానీ సంగీతం ఇంట్లో ఉంది కాబట్టి కుదిరింది.

అలాగని వేదిక లేకపోతే అంతా సాఫీగా సాగుతుందని కాదు. రష్యన్ స్వరకర్త బొరోదిన్ ఉన్నాడు కదా, వైద్య పట్టా ఉన్నవాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్య అకాడమీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1869లో మొదలుపెట్టిన ప్రిన్స్ ఇగోర్ ఆపెరా 1887లో ఆయన పోయేనాటికీ పూర్తవలేదు, తోటి స్వరకర్తలు రిమ్‌స్కీ కోర్సకోవ్, గ్లాజునోవ్ కూర్చుని పూర్తిచేశారు. ఒంట్లో బాగాలేక పాఠాలకు వెళ్లలేని రోజుల్లోనే సంగీతం రాసుకోగలుగుతున్నానని, అందుకే మిత్రులు తన అనారోగ్యాన్ని కోరుకుంటున్నారని ఆయనే ఉత్తరంలో జోకు వేశాడు. నవ్వొస్తుంది గానీ, ఎవరికైనా డ్యూటీకి సెలవు పెడితేనే పాట గుర్తొస్తోందంటే వాళ్ల టైమ్‌టేబుల్ మార్చుకోవాల్సిన వేళయినట్టే.

వేదిక లేకుండా బతకలేను అనేవాళ్లూ ఉంటారు, వాళ్లను తప్పుపట్టను. వాళ్లు మాత్రం బ్రాంచి ఎంపికలోనే జాగ్రత్తపడాలి. డెనీ జైట్లిన్ 1960ల నుంచి జాజ్ పియానిస్టుగా ఆల్బమ్‌లు చేస్తూ సైకియాట్రిస్టుగా ప్రాక్టీసు నడిపాడు. అపాయింట్‌మెంట్లతో నడిచే బ్రాంచి కావడం అందుకు చాలా సాయపడి ఉంటుందని నా నమ్మకం. చర్మవ్యాధులు, పాథాలజీ, రేడియాలజీ, కంటి వైద్యం కూడా కొంతవరకు ఈ కోవలోవే. కాన్పులు, గుండె ఎమర్జెన్సీలు వేళ చూసుకుని రావు. మత్తు డాక్టరుకు ఒక సౌకర్యం ఉంది: ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చాక "మా డాక్టరుగారే కావాలి" అని ఫోన్ చేసే సొంత పేషెంట్లు తక్కువ. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో షిఫ్టు అవగానే పని అయిపోతుంది, బాగుందనిపిస్తుంది, కానీ పగలూ రాత్రీ తారుమారవుతూ ఉంటే గొంతు ముందు దెబ్బతింటుంది. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, గాయకులకు రద్దీ ఓపీ కూడా ఇబ్బందే. సాయంత్రానికి అరవై డెబ్బై మందితో మాట్లాడిన గొంతును మళ్లీ సాధనకు కూర్చోబెట్టడం దాన్ని హింసించడమే. ఆ రోజుల్లో పాటలు వినడం, స్వరం రాసుకోవడం లాంటివి పెట్టుకోవడం నయం.

వాయిద్యం సంగతీ అంతే. ఫ్లూట్ సంచిలో పడుతుంది, ఎలక్ట్రిక్ కీబోర్డుకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రాత్రి రెండింటికి కూడా వాయించుకోవచ్చు. మృదంగానికి ఆ వెసులుబాటు లేదు. గోళ్లు పెంచుకుని మీటే గిటారిస్టుకు ఆసుపత్రి శుభ్రత నియమాలతో రోజూ పేచీయే, పేషెంటును ముట్టుకునే చేతికి పొడుగు గోళ్లు కుదరవు. మీటడానికి పిక్ అలవాటు చేసుకోవాలి.

ఇన్నిటిలో ఏది మేలంటే, నా ఓటు వైద్యం చేస్తూ వేదికకు దూరంగా ఉండే సంగీతానికి, అదీ కుదురైన వేళలుండే బ్రాంచి తీసుకుని. వేదికే కావాలంటే పీజీ అయ్యేదాకా పక్కవాద్యంగానో, తన బదులు మరొకరు కూర్చోగలిగే బృందంలోనో ఉండటం మంచిది, ఒక్కరి పేరు మీదే నడిచే కచేరిలు అప్పుడే వద్దు. పూర్తిగా వదిలేసి వెళ్లడం తప్పని అనను, కానీ ముందు ఏడాదో ఆర్నెల్లో పార్ట్ టైమ్ డ్యూటీ చేస్తూ ఆ జీవితం ఎలా ఉంటుందో చూసి వెళ్లండి. వెళ్లాక కూడా మెడికల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దాటనివ్వకండి, అప్పుడప్పుడూ ఏదో ఒక క్లినిక్‌లో కూర్చుంటూ ఉండండి. చాలా ఏళ్లు పేషెంటును చూడకుండా ఉండి తిరిగి రావాలంటే కాగితాల పని కన్నా చేతికి ధైర్యం రావడానికే ఎక్కువ సమయం పడుతుంది.